ఎస్.పి.వై. రెడ్డి: నంద్యాల మున్సిపల్ చైర్మన్ నుంచి లోక్‌సభ దాకా

ఎస్.పి.వై. రెడ్డి (1950 జూన్ 4 – 2019 ఏప్రిల్ 30) పారిశ్రామికవేత్త, రాజకీయ నాయకుడు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని అంకాలమ్మగూడూరులో పుట్టారు. ఆయన వ్యాపారమూ రాజకీయమూ అప్పటి కర్నూలు జిల్లా నంద్యాలలో సాగాయి. 2000లో నంద్యాల మున్సిపల్ చైర్మన్‌గా ఎన్నికయ్యారు. 2004, 2009, 2014 ఎన్నికల్లో నంద్యాల నుంచి వరుసగా మూడుసార్లు లోక్‌సభకు గెలిచారు. నంది పైపుల యజమానిగా ఆయన పేరు తెలుగు పల్లెల్లో ఎన్నికల కంటే ముందే వినబడింది. రాయలసీమలో సర్పంచి పదవి నుంచి, సమితి నుంచి, జిల్లా పరిషత్తు నుంచి పైకి వెళ్ళినవాళ్ళు చాలామంది. కోట్ల విజయభాస్కర రెడ్డి కర్నూలు జిల్లా పరిషత్తు నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా, కేంద్ర మంత్రివర్గం దాకా నడిచారు. పట్టణ పాలన నుంచి నేరుగా పార్లమెంటుకు వెళ్ళినవాళ్ళు మాత్రం తక్కువ. ఆ కొద్దిమందిలో ఎస్.పి.వై. రెడ్డి కథ వివరంగా చెప్పుకోదగ్గది.

తెలుగు పత్రికల్లో మేయర్, చైర్మన్ అనే మాటలు కలగలిసి వాడినా చట్టంలో వాటికి తేడా ఉంది. నగరపాలక సంస్థకు మేయర్ ఉంటారు, పురపాలక సంఘానికి చైర్మన్ ఉంటారు. కర్నూలు 1994లో నగరపాలక సంస్థ అయింది, ఆ తర్వాతి దశాబ్దంలో కడప కూడా అయింది. నంద్యాల మాత్రం 1899లో ఏర్పడిన నాటి నుంచి పురపాలక సంఘమే. అందుకే అక్కడ పట్టణ పెద్ద అంటే మున్సిపల్ చైర్మన్.

నేల, బోరు, పైపు

ఆయన ఎదుగుదల అర్థం కావాలంటే ముందు ఆ నేల గురించి చెప్పుకోవాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది వాన మంచి సంవత్సరంలోనూ కోస్తాతో సరితూగదు. కురిసే కొద్దిపాటి వానా నాలుగు దఫాలుగా కురిసి పోతుంది. నంద్యాల చుట్టుపక్కల మాత్రం కొంత ఊరట ఉంది. తూర్పున నల్లమల, మధ్యలో కుందూ నది, దాని వెంట నల్లరేగడి, ఆ నేల మీద కర్నూలు-కడప కాలువ. జనం నోట్లో కె.సి. కెనాల్‌గా స్థిరపడిన ఈ కాలువను 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ మొదలుపెట్టింది. సరుకుల పడవలు నడిపి, నీళ్ళు అమ్మి లాభం తీయాలన్నది దాని ఆలోచన. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని తీసుకుని సుమారు 300 కిలోమీటర్లు ప్రవహించే ఆ కాలువే ఇప్పటికీ నంద్యాల వరిపొలాలకు ఆధారం.

కాలువ అందని ఊళ్ళ సంగతి వేరు. పులివెందుల వైపు చీనీ తోటలు, బనగానపల్లె, డోన్ వైపు మెట్టపొలాలు బావుల మీదే ఆధారపడ్డాయి. 1970ల నుంచి బావుల్లో నీళ్ళు లోతుకు పోయాయి. ఎద్దుల కపిల పోయి ఆయిల్ ఇంజన్ వచ్చింది, ఆ తర్వాత కరెంటు మోటారు, బోరు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్కన కరెంటు ఇవ్వడంతో బోరు వేయించే రైతుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. బోరు వేసినవాడికి మొదట కేసింగ్ పైపు కావాలి. నీళ్ళు పడ్డాక వాటిని చేను చివరి దాకా తీసుకుపోయే పైపు కావాలి. మట్టి కాలువలో పారిస్తే సగం నీళ్ళు దారిలోనే ఇంకిపోతాయి. ఇనుప పైపులు బరువు, ధర ఎక్కువ, కొన్నేళ్ళకు తుప్పు పడతాయి. ప్లాస్టిక్ పైపు తేలిక. ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని గట్టు మీద నడిచి మోసుకుపోవచ్చు. కరువు నేలలో పైపు తయారీ ఇంత పెద్ద వ్యాపారం కావడానికి కారణం ఇదే.

అణు పరిశోధన కేంద్రం నుంచి పైపుల ఫ్యాక్టరీకి

రెడ్డి వరంగల్లు ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ఇప్పుడది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. ఆ తర్వాత బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో సైంటిఫిక్ ఆఫీసర్‌గా చేరారు. అప్పట్లో సీమ పల్లె నుంచి చదువుకుని పైకొచ్చిన కుర్రవాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఊహకు అందేది కాదు. దాన్ని 1977లో, 27 ఏళ్ళ వయసులో వదిలేశారు. నంద్యాల చేరి ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టారు. తొలి సరుకు నల్లపైపులు. 1984లో పి.వి.సి. పైపుల తయారీకి దిగారు. అవే నంది పైపులు.

ఆ పేరు ఊరి నుంచి వచ్చింది. నంద్యాల చుట్టూ తొమ్మిది నంది క్షేత్రాలున్నాయి. నవనందులని పిలిచే ఆ ఆలయాల్లో మహానంది అన్నింటికంటే ప్రసిద్ధం. కొండ పాదాన ఉబికే నీళ్ళతో నిండే అక్కడి కోనేరు నడివేసవిలోనూ ఎండదు. నీళ్ళ సరుకు అమ్మే వ్యాపారికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు. కొద్ది ఏళ్ళలోనే ఆ పేరు కర్నూలు, కడప, అనంతపురం పల్లెల గోడల మీద ప్రకటనగా కనబడసాగింది. తర్వాత అది పాల డెయిరీకి, మరికొన్ని పరిశ్రమలకూ విస్తరించింది. రైతు ఆయన్ను ఓటు అడిగే మనిషిగా చూడకముందే బోరు దగ్గర సరుకు ఇచ్చే మనిషిగా ఎరుగును. రాజకీయంలో ఆయనకు దొరికిన మొదటి పెట్టుబడి ఈ పరిచయమేనని ఈ వ్యాసం అభిప్రాయం. సీమ రాజకీయాల్లో నాయకులు సాధారణంగా కుటుంబ బలం నుంచో ఊరి కక్షల్లో పైచేయి నుంచో వస్తారు. ఆయన మాత్రం దుకాణం కౌంటరు నుంచి వచ్చారు.

నంద్యాల సీటు బరువు

ఆయన కన్నేసిన లోక్‌సభ స్థానం సామాన్యమైంది కాదు. 1977లో దేశమంతటా జనతా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో జనతా గెలిచింది ఒక్క నంద్యాలలోనే. ఆ విజేత నీలం సంజీవరెడ్డి. గెలిచిన కొద్ది వారాలకే లోక్‌సభ స్పీకరయ్యారు, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధాని పదవి చేపట్టిన పి.వి. నరసింహారావుకు పార్లమెంటులో సభ్యత్వం లేదు. స్థానిక ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేయగా నంద్యాల ఉప ఎన్నికలో పి.వి. పోటీచేశారు. తెలుగు ప్రధాని అన్న గౌరవంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. పి.వి. సుమారు 5.8 లక్షల ఆధిక్యంతో గెలిచారు. బి.జె.పి. తరఫున ఆయనపై నిలిచింది బంగారు లక్ష్మణ్. 1996లో పి.వి. మళ్ళీ ఇక్కడ గెలిచారు. ఒడిశాలోని బరంపురంలో కూడా గెలవడంతో నంద్యాల వదులుకున్నారు. ఆ ఖాళీలో భూమా నాగిరెడ్డి తెలుగుదేశం తరఫున గెలిచి, 1998, 1999లోనూ నిలబెట్టుకున్నారు.

1991 సాధారణ ఎన్నికలో, అంటే పి.వి. ఉప ఎన్నికకు కొద్ది నెలల ముందు, ఇదే స్థానంలో ఎస్.పి.వై. రెడ్డి బి.జె.పి. అభ్యర్థిగా పోటీచేసి ఓడారు. 1999లో స్వతంత్రుడిగా బరిలోకి దిగి మళ్ళీ ఓడారు. రెండు ఓటములకూ కారణం దాదాపు ఒకటే. ఊరూరా మనిషి తెలుసు, పార్టీ యంత్రాంగం లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో భూమా, గంగుల కుటుంబాల మధ్య నడిచిన పోటీలో మూడో మనిషికి చోటు దొరకడం కష్టం.

చైర్మన్ పీఠం

చోటు ఆయనకు పట్టణంలో దొరికింది. దానికి దారి వేసింది ఎన్నికల పద్ధతి. ఇప్పుడు పట్టణ ఓటరు వార్డు సభ్యుణ్ణి మాత్రమే ఎన్నుకుంటాడు, ఆ సభ్యులు కలిసి చైర్మన్‌ను ఎంచుకుంటారు. 1987, 1995, 2000 ఎన్నికల్లో అలా కాదు. చైర్మన్ పదవికి ప్రజలే నేరుగా ఓటు వేశారు. పట్టణమంతా ఒకే నియోజకవర్గం. కౌన్సిలర్లను కూడగట్టాల్సిన పని లేదు, శిబిరాలు నడపాల్సిన పని లేదు. 2005 నుంచి మళ్ళీ పరోక్ష పద్ధతి వచ్చింది. అది ఐదేళ్ళు ముందు వచ్చివుంటే పార్టీ బలం లేని పైపుల వ్యాపారి నంద్యాల పీఠం ఎక్కడం అసాధ్యమయ్యేది. 2000లో ఆయన చైర్మన్‌గా గెలిచారు. రెండు పెద్ద ఎన్నికలు ఓడిన మనిషికి దక్కిన తొలి ప్రజా పదవి అది.

అప్పటికి పట్టణ జనాభా లక్షన్నర. పత్తి, వరి, బియ్యం మిల్లుల వ్యాపారం ఉన్న ఊరు. 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. గుంటూరు-గుంతకల్లు మార్గంలో ముఖ్యమైన రైలు స్టేషను. ఊరిని ఆనుకుని కుందూ, ఊరి మధ్య మద్దిలేరు వాగు, చామకాలువ. ఎండాకాలంలో కొళాయి దగ్గర బిందెల వరుస ఉంటుంది, వానాకాలంలో అదే వీధిలోకి వాగు నీళ్ళు వస్తాయి. ఇలాంటి ఊరికి చైర్మన్ అంటే రోజూ తిట్లు తినే పదవి. కొళాయి, మురుగు కాలువ, వీధిదీపం, చెత్త, ఇంటిపన్ను, జనన మరణ పత్రం, శ్మశానానికి దారి, ఏదొచ్చినా జనం ఆయన ఇంటి ముందే నిలబడతారు. 1993లో అమలైన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు 18 అంశాల జాబితా ఇచ్చింది. పనులు పంచింది గానీ డబ్బు పంచలేదు. పన్నుల రాబడి జీతాలకే చాలని ఊళ్ళలో చైర్మన్ రాష్ట్ర ప్రభుత్వ నిధుల కోసం ఎదురుచూడాలి, లేదా తన జేబు తెరవాలి.

ఎస్.పి.వై. రెడ్డి రెండోది చేశారు. ఆయన పేరు నిలబెట్టిన పని రూపాయికే రొట్టె, పప్పు. కూలి పనికి పట్నం వచ్చినవాళ్ళు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, బస్సు కోసం కూర్చున్న పల్లెజనం రూపాయి ఇచ్చి కడుపు నింపుకునేవారు. ఉచితంగా పెట్టి ఉంటే అది అన్నదానం అయ్యేది, ఆ పంక్తిలో కూర్చోవడానికి కొందరు సిగ్గుపడేవారు. రూపాయి చెల్లించిన మనిషి కొనుక్కుని తిన్నాననుకుంటాడు. తమిళనాడు అమ్మ క్యాంటీన్లు 2013లో మొదలయ్యాయి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అన్న క్యాంటీన్లు 2018లో వచ్చాయి. ప్రభుత్వాలు ఈ ఆలోచనను అందుకోకముందే నంద్యాలలో ఒక వ్యక్తి సొంత డబ్బుతో దాన్ని నడిపారు. ఈ పనితో ఆయన పేరు పేదల నోళ్ళలో నానింది.

దీనికి ఇంకో కోణమూ ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పట్టణ పెద్ద సొంత డబ్బుతో ఊరికి అన్నం పెడితే పురపాలక సంఘం ఏం చేయాలన్న ప్రశ్న వెనక్కి పోతుంది. మనిషి ఉన్నన్నాళ్ళు పని ఉంటుంది, మనిషి పోతే పని నిలుస్తుందన్న భరోసా ఉండదు. ప్రజలు హక్కుగా అడగాల్సినదాన్ని దయగా తీసుకోవడం అలవాటవుతుంది. సీమలో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న దాత-ఆశ్రితుల సంబంధానికి ఇది మెత్తని రూపం. అయినా కత్తులూ బాంబుల మీద నడిచిన రాజకీయం పక్కన రొట్టె మీద నడిచిన రాజకీయాన్ని పెట్టి చూస్తే, రెండోదాన్ని ఎంచుకున్న నంద్యాల ఓటరును తప్పుపట్టలేం.

పట్టణ పాలన నుంచి చట్టసభకు వెళ్ళే దారి మనకు కొత్తది కాదు. టంగుటూరి ప్రకాశం రాజమహేంద్రవరం పురపాలక అధ్యక్షుడిగా ప్రజాజీవితం మొదలుపెట్టి కేంద్ర శాసనసభకు, ఆ తర్వాత ముఖ్యమంత్రి పదవికి చేరారు. 1920ల్లో వల్లభభాయి పటేల్ అహ్మదాబాదు పురపాలక అధ్యక్షుడు, జవహర్‌లాల్ నెహ్రూ అలహాబాదు పురపాలక అధ్యక్షుడు. అమెరికాలో బెర్నీ శాండర్స్ 1980ల్లో బర్లింగ్టన్ అనే చిన్న పట్టణానికి మేయర్‌గా ఎనిమిదేళ్ళు పనిచేశాకే ఆ దేశపు ప్రతినిధుల సభకు, తర్వాత సెనేటుకు వెళ్ళారు. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో ఈ దారి సన్నబడింది. పార్టీలు టిక్కెట్లు పంచే పద్ధతిలో శాసనసభ్యుల కుటుంబాలు ముందు నిలిచాయి, మున్సిపల్ చైర్మన్ వాళ్ళ అనుచరుడిగా మిగిలాడు. ఎస్.పి.వై. రెడ్డి ఎవరి అనుచరుడిగానూ ఆ పీఠం ఎక్కలేదు. అందుకే ఆయనకు అది మెట్టుగా పనికొచ్చింది.

ఢిల్లీకి: 2004, 2009

2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్రతో రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఊపు వచ్చింది. 2004 ఎన్నికల్లో ఎస్.పి.వై. రెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా నంద్యాలలో నిలిచి, భూమా నాగిరెడ్డిపై లక్షకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 29 సీట్లు వచ్చిన ఎన్నిక అది. ఆ గాలి ఆయనకూ కలిసి వచ్చింది. పులివెందుల ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదులో ముఖ్యమంత్రి అయ్యారు, ఒకరు ఢిల్లీలో ఎంపీ అయ్యారు. 2004 మే 14న ప్రమాణ స్వీకారం రోజునే రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. బోరు రైతుకు అంతకన్నా పెద్ద వార్త లేదు.

ఆ కాలంలో నంద్యాల లోక్‌సభ పరిధిలో జరిగిన అతిపెద్ద పరిణామం పోతిరెడ్డిపాడు. శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీళ్ళు తీసుకుపోయే ఆ తూముల సామర్థ్యాన్ని సుమారు 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేల క్యూసెక్కులకు పెంచాలని 2005లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. తెలంగాణలో, కోస్తాలో నిరసనలు వచ్చాయి. ఆ నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది, ఎంపీది కాదు. సీమ ఎంపీ ఎవరైనా నీటి పంపకం మీద నిలువునా చీలిన రాష్ట్రంలో పనిచేయాల్సి వచ్చిందని చెప్పడానికే ఇక్కడ దీన్ని ప్రస్తావించడం.

చైర్మన్‌కూ ఎంపీకీ పనిలో ఉన్న తేడాను ఆయన ఎన్నికైన తొలి నెలల్లోనే చూసి ఉండాలి. చైర్మన్ లక్షన్నర మందికి జవాబుదారీ, ఎంపీ ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలకు. చైర్మన్ ఈ రోజు చెబితే రేపటికి పైపు లీకు ఆగుతుంది. ఎంపీ అడిగింది మంత్రిత్వశాఖల్లో తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఎంపీ చేతిలో నేరుగా ఉండేది స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి. అది చాలాకాలం ఏడాదికి 2 కోట్లు, 2011 నుంచి 5 కోట్లు. ఏడు నియోజకవర్గాలకు పంచితే పల్లెకో బోరు కూడా రాదు. అయితే ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం స్థానిక ఎంపీ పురపాలక సంఘంలో హోదా రీత్యా సభ్యుడు. ఒకప్పుడు తాను అధ్యక్షత వహించిన సమావేశ మందిరంలోకి ఆయన మళ్ళీ వెళ్ళే వీలుంది. నంద్యాల ఆయన్ను చివరిదాకా ఊరి పెద్దగానే చూసింది.

2008 నియోజకవర్గాల పునర్విభజనలో గిద్దలూరు నంద్యాల నుంచి తొలగి ఒంగోలు వైపు పోయింది, డోన్, బనగానపల్లె చేరాయి. 2009లో తెలుగుదేశం తరఫున ఎన్.ఎమ్.డి. ఫరూఖ్, ప్రజారాజ్యం తరఫున భూమా నాగిరెడ్డి ఎదురుగా నిలిచారు. ఎస్.పి.వై. రెడ్డి ఫరూఖ్‌పై 90 వేలకు పైగా ఆధిక్యంతో రెండోసారి గెలిచారు. ఆ సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలింది. అది అప్పటి కర్నూలు జిల్లాలోనే, నంద్యాల లోక్‌సభ నేల మీదే. సీమ రాజకీయం అక్కడి నుంచి రెండుగా చీలింది.

జెండాలు మారిన మనిషి

రాజశేఖరరెడ్డి కుమారుడు జగన్మోహన్ రెడ్డి 2011లో పార్టీ పెట్టాక సీమ కాంగ్రెస్ నాయకులు ఒక్కొక్కరే ఆ వైపు మళ్ళారు. ఎస్.పి.వై. రెడ్డి కూడా కాంగ్రెస్ వదిలి వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌లో చేరారు. 2014లో ఆ పార్టీ అభ్యర్థిగా మళ్ళీ ఫరూఖ్‌పై లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచారు. మే 16న ఫలితం వచ్చింది. రాష్ట్రంలో అధికారం తెలుగుదేశానికి వచ్చింది. ఆ నెల తిరగకముందే, లోక్‌సభ సభ్యుడిగా ప్రమాణం చేయకముందే, ఆయన తెలుగుదేశంలో చేరిపోయారు.

ఆయన రాజకీయ జీవితంలో ఎక్కువ విమర్శ తెచ్చింది ఈ నిర్ణయమే. ఆ విమర్శ సరైనది. నియోజకవర్గ అభివృద్ధి కోసం చేరామని అధికార పార్టీలోకి వెళ్ళేవారంతా చెప్పే మాట. పదిహేను లక్షలకు పైగా ఓటర్లున్న స్థానంలో ఆరు లక్షల మంది ఒక గుర్తుకు వేసిన ఓటును రెండు వారాల్లో మరో గుర్తుకు మార్చే హక్కు అభ్యర్థికి లేదు. 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు సరిగ్గా ఇలాంటి సందర్భం కోసమే. సభ్యుడు తనంతట తాను పార్టీ వదులుకుంటే సభ్యత్వం పోతుంది. 2003లో 91వ సవరణ చీలిక పేరుతో ఉన్న మినహాయింపును కూడా తీసేసింది. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ఎస్.పి.వై. రెడ్డిపై, అరకు ఎంపీ కొత్తపల్లి గీతపై, తర్వాత కర్నూలు ఎంపీ బుట్టా రేణుకపై అనర్హత ఫిర్యాదులు ఇచ్చింది. నిర్ణయం స్పీకర్ చేతిలో ఉంది, గడువు మాత్రం చట్టంలో లేదు. 16వ లోక్‌సభ కాలం ముగిసేదాకా ఆ ఫిర్యాదులు తేలలేదు. ఆయన ఐదేళ్ళూ ఎంపీగా కొనసాగారు. ఇలాంటి ఫిర్యాదులను మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు మణిపూర్ కేసులో చెప్పింది 2020లో.

బి.జె.పి., స్వతంత్రుడు, కాంగ్రెస్, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, తెలుగుదేశం, చివరికి జనసేన. మూడు దశాబ్దాల్లో ఇన్ని గుర్తులు. దీన్ని అవకాశవాదమని ఒక్క మాటలో తేల్చినా తప్పు కాదు గానీ, అంతటితో ఆయన అర్థం కారు. ఆయనకు ఓటు వేసినవాళ్ళలో ఎక్కువమంది పార్టీని చూసి వేయలేదు, మున్సిపల్ చైర్మన్‌గా చూసిన మనిషికే మళ్ళీ మళ్ళీ వేశారు. జెండాను ఆయన వాహనంగా వాడుకున్నారు. ఆ వాహనం లేనప్పుడు 1999లో ఓడారు. జనాదరణ తనదే, పార్టీది కాదన్న నమ్మకం అభ్యర్థిలో బలపడితే, ఓటరు మాత్రం ఆ రెండింటికీ కలిపి వేశాడన్న సంగతి మరుగున పడుతుంది. 2014లో జరిగింది అదే.

2017 మార్చిలో నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి చనిపోయారు. ఆగస్టులో జరిగిన ఉప ఎన్నిక రాష్ట్రమంతా చూసిన పోరు. తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌లో చేరిన శిల్పా మోహన్ రెడ్డిపై 27 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. ఒకప్పుడు తాను ఓడించిన భూమా కుటుంబం, తాను రెండుసార్లు ఓడించిన ఫరూఖ్, వీళ్ళందరితో ఎస్.పి.వై. రెడ్డి ఒకే శిబిరంలో ఉన్నారు. నంద్యాలలో బంధాలు ఎంత త్వరగా మారతాయో చెప్పడానికి ఆ ఎన్నిక ఒక్కటి చాలు.

నంద్యాల-ఎర్రగుంట్ల రైలు

ఆయన ఎంపీగా ఉన్న కాలంలో పూర్తయిన పనుల్లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకునేది నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం. 1990ల మధ్యలో, పి.వి. ప్రధానిగా ఉన్న రోజుల్లో మంజూరైన పథకం అది. సుమారు 123 కిలోమీటర్లు. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా కడప జిల్లా ఎర్రగుంట్ల చేరుతుంది. ఏటా బడ్జెట్లో కొద్దికొద్దిగా నిధులు, నత్తనడక పని, ముక్కలు ముక్కలుగా పట్టాలు. 2016 ఆగస్టులో నంద్యాల నుంచి కడపకు తొలి ప్రయాణికుల రైలు బయలుదేరింది. రెండు దశాబ్దాలు పట్టిన పని కాబట్టి ఘనత ఏ ఒక్కరిదీ కాదు, ఎందరో ఎంపీలు అడిగి అడిగి సాధించింది. అయినా కడప పల్లెలో పుట్టి నంద్యాలలో స్థిరపడిన మనిషి ఎంపీగా ఉన్నప్పుడే ఆ రెండు జిల్లాలనూ ఈ రైలు కలిపింది. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారికీ, కోవెలకుంట్ల శనగ రైతుకూ అది దగ్గరి దారి.

చివరి ఎన్నిక

2019లో తెలుగుదేశం ఆయనకు టిక్కెట్ ఇవ్వలేదు. మాండ్ర శివానందరెడ్డిని నిలిపింది. 68 ఏళ్ళ వయసులో, ఆరోగ్యం సహకరించని స్థితిలో, పవన్ కల్యాణ్ నడిపే జనసేనలో చేరి నంద్యాల లోక్‌సభకు నామినేషన్ వేశారు. కుటుంబ సభ్యులు కూడా అదే పార్టీ తరఫున ఆ పరిధిలోని అసెంబ్లీ స్థానాల్లో పోటీచేశారు. ఏప్రిల్ ఎండల్లో ప్రచారం చేస్తూ అస్వస్థతకు గురై హైదరాబాదు ఆసుపత్రిలో చేరారు. ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. ఏప్రిల్ 30న ఆయన కన్నుమూశారు. సాంకేతికంగా అప్పటికింకా ఆయన 16వ లోక్‌సభ సభ్యుడే. మే 23న ఓట్ల లెక్కింపులో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ అభ్యర్థి పోచా బ్రహ్మానందరెడ్డి గెలిచారు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల కర్నూలు జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైంది. ఇప్పుడక్కడ మున్సిపల్ చైర్మన్‌ను కౌన్సిలర్లే ఎన్నుకుంటున్నారు. 2000లో ఎస్.పి.వై. రెడ్డిని పీఠం ఎక్కించిన నేరు ఓటు ఆ ఊళ్ళో మళ్ళీ రాలేదు.